కుడిపక్క దెబ్బ

నాకు గుద్దడం నేర్పిందీ, నన్ను ముంచిందీ ఒకరే. మొదటి సంగతి నాకు పదమూడేళ్ళప్పుడు తెలిసింది. రెండోది తెలియడానికి సగం జీవితం పట్టింది.

మాది ప్రత్తిపాడు దగ్గర ఒక పల్లె. నాన్న సొంత చేలో మిరప, కౌలుకి తీసుకున్న చేలో పత్తి వేసేవాడు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా బడి వెనక కుళాయి దగ్గర పదో తరగతి వాడొకడు నా జడ పట్టుకుని లాగాడు. వెనక్కి తిరిగి ఒక్కటి గుద్దాను. వాడు నీళ్ళల్లో కూలబడ్డాడు. మా డ్రిల్లు మాస్టారు అది చూసి నన్ను స్టాఫ్ రూముకి పిలిచారు. బెత్తం దెబ్బలు తప్పవనుకున్నాను. ఆయన నా కుడిచెయ్యి పట్టుకుని, మణికట్టు అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఎవరు నేర్పారే నీకు?"

"ఎవరూ నేర్పలేదండి."

"భుజం తిప్పి కొట్టావు. మామూలుగా కొత్తవాళ్ళు చేతిని మాత్రమే విసురుతారు. రేపు పొద్దున్నే పత్తి గోడౌను దగ్గరికి రా."

ఆయన కాలేజీ రోజుల్లో బాక్సింగ్ ఆడారు. జిల్లా దాటి పోలేదు. తనని ఎవరూ పట్టించుకోలేదని, సరైన గురువు ఉంటే ఎక్కడో ఉండేవాడినని ఒకటి రెండుసార్లు అన్నారు. అప్పుడు నాకు జాలేసింది.

ఖాళీగా పడి ఉన్న పత్తి గోడౌనే మా వ్యాయామశాల. మిర్చి యార్డు నుంచి టిక్కీ ఒకటి తెచ్చారు, మిర్చి నింపే పెద్ద గోనె సంచి. దాన్లో ఇసుకా, చింకిపాతలూ కుక్కి దూలానికి వేలాడదీశారు. ఎంత దులిపినా ఆ గోనెలోని కారం పోలేదు. కొట్టినప్పుడల్లా ఘాటు లేచేది. తుమ్ముతూ, కళ్ళు తుడుచుకుంటూ కొట్టేదాన్ని.

"కళ్ళు మూయమాకు! రింగులో కళ్ళు మూసినోడికి అక్కడితో తెల్లారిపోద్ది," అని అరిచేవారు.

అమ్మకి ఇదంతా ఇష్టం లేదు. "ముక్కు పగిలితే ఎట్టా మాస్టారూ?" అని గుమ్మంలోనే నిలదీసింది. ఆయన నవ్వి, "ముక్కుకి నాది పూచీ అమ్మా. మీ పిల్లని నా పిల్లలా చూసుకుంటా," అన్నారు. అలాగే చూసుకున్నారు కూడా. నా కాళ్ళకి బూట్లు ఆయనే కొన్నారు. పోటీలకి పోయినప్పుడు నేను తినకుండా ఆయన తినేవారు కాదు. పిల్లలు లేని మనిషి. నన్ను చూసుకున్న తీరులో అబద్ధం ఉందని నేను ఇప్పటికీ అనలేను. అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

తనని, ఆ తరవాత ఏళ్ళ తరబడి నాతో తలపడిన పిల్లని, మొదటిసారి చూసింది ఒంగోల్లో. అప్పటికి మా జిల్లాలో నాకు ఎదురు లేదు. అవతలి మూల ఒక సన్నటి పొడుగాటి పిల్ల మోకాళ్ళ మీద కూర్చుని, గ్లవ్స్ రెండూ దగ్గరికి చేర్చి ప్రార్థన చేసుకుంటోంది. నేను పొట్టి. మీదికి దూసుకుపోయి కొట్టడమే నాకు తెలిసిన ఆట. ఈ పిల్లది ఎడమచేతి వాటం. నేను ఎటు నుంచి దూరినా ఆ ఎడమచెయ్యి నా ముఖానికి ఎదురొచ్చేది. నా చెయ్యి తన ముఖానికి ఒక్కసారి కూడా సరిగ్గా అందలేదు. చిత్తుగా ఓడిపోయాను.

ముక్కులోంచి రక్తం కారుతుంటే నీళ్ళ డ్రమ్ము పక్కన తల పైకెత్తి నిలబడ్డాను. తను వచ్చి నా మెడ మీద చెయ్యేసి కిందకి వంచింది.

"పైకెత్తమాకు, గొంతులోకి పోద్ది. కిందకి వంచి గట్టిగా పట్టుకో. ఏ ఊరు?"

"గుంటూరు."

"మాది సింగరాయకొండ."

పేర్లు చెప్పుకోవడం ఇద్దరికీ తోచలేదు. అప్పటి నుంచి నేను తనకి 'గుంటూరు', తను నాకు 'కొండ'.

వాళ్ళ నాన్న చర్చిలో గంట కొట్టి, ఊడ్చి, బెంచీలు సర్దే మనిషి. అమ్మ పొగాకు గ్రేడింగుకి, ఆకులు ఏరి వేరుచేసే పనికి, పోయేది. పాస్టరు గారి బంధువు ఒకాయన సైన్యం నుంచి రిటైరై వచ్చి, ఊళ్ళో పిల్లల్ని పోగేసి బాక్సింగ్ నేర్పేవాడట. పొద్దున్నే సముద్రం ఒడ్డుకి తీసుకుపోయి మెత్తటి ఇసుకలో పరిగెత్తించేవాడు. "నీ కాళ్ళు అట్టా ఎగురుతాయేందే?" అని ఒకసారి అడిగితే, "ఇసకలో పరిగెత్తినోళ్ళకి నేల మీద పరుగంటే పండగ," అంది.

తరవాతి ఏడు గుంటూరులో మళ్ళీ తలపడ్డాం. మాస్టారు ఆ ఏడాదంతా మా పక్క ఊరి నుంచి ఒక పొడుగాటి కుర్రాణ్ణి తీసుకొచ్చి, వాడి చేత ఎడమచేత్తో కొట్టించి నాకు అలవాటు చేశారు. ఆ ఎడమచెయ్యి కిందనించి దూరి పక్కటెముకల మీద కొట్టాను. గెలిచాను. తను బెంచీ మీద ఒంగి కూర్చుని, "ఒసే గుంటూరూ, రేపు ఇడ్లీ కూడా మింగలేనే," అంటూ నవ్వింది.

ఇక అక్కణ్ణించి ఒకసారి తను, ఒకసారి నేను. జిల్లా పేజీల వాళ్ళు నన్ను మిర్చి అనీ, తనని పొగాకు అనీ రాసేవాళ్ళు. మా ఆట ఉందంటే మా ఊరి నుంచి ట్రాక్టరు, వాళ్ళ ఊరి నుంచి మినీబస్సు వచ్చేవి. మావాళ్ళు ఈలలేస్తే వాళ్ళు చప్పట్లు కొడుతూ పాటలు పాడేవాళ్ళు. మా బడి హెడ్మాస్టరు, బాక్సింగ్ అంటే ఏమిటో తెలియని పెద్దమనిషి, మొదటి వరసలో కూర్చుని "గడ్డం, గడ్డం!" అని అరిచి మర్నాడు గొంతు పోయి ప్రార్థనలో మాట్లాడలేకపోయారు. మిర్చి కోతలకి వచ్చిన కూలీలు కూడా చేలో నన్ను ఆపి, "ఈసారి కొండ పిల్లని వదలమాకమ్మా," అనేవాళ్ళు.

దాచేపల్లిలో సిమెంటు ఫ్యాక్టరీ కాలనీ వాళ్ళు వార్షికోత్సవానికి మా ఇద్దరినీ పిలిచి స్టేజీ మీద ఆడించారు. గాలికి తెల్ల దుమ్ము లేచి ఇద్దరి జుట్లూ నెరిసిపోయాయి. రౌండు మధ్యలో ఒకరినొకరు చూసుకుని నవ్వాపుకోలేకపోయాం. "ముసలమ్మల కొట్లాటలా ఉందే," అంది తను, గ్లవ్సు నోటికి అడ్డం పెట్టుకుని. రిఫరీ ఇద్దరినీ కసిరాడు.

అమరావతిలో ఒక శిబిరం జరిగినప్పుడు ఇద్దరికీ ఒకే గది ఇచ్చారు. సాయంత్రం కృష్ణ ఒడ్డున మెట్ల మీద కూర్చుంటే తను వాళ్ళమ్మ దగ్గు గురించి చెప్పింది. పొగాకు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని డాక్టరు అన్నాడట.

"నాకు మెడల్ పిచ్చి లేదే. స్పోర్ట్స్ కోటాలో ఏదో ఒక ఉద్యోగం వస్తే అమ్మని ఆ పని మాన్పిస్తా. నీకేం కావాలి?"

"నేషనల్ క్యాంపుకి పోవాలి. ఈ దేశంలో నాకన్నా గట్టిగా కొట్టేవాళ్ళు ఎవరున్నారో చూడాలి."

"నేనున్నాగా," అంది. అంతలోనే, "ఒకమాట చెప్పు. మా అమ్మ సంగతి విన్నావని నాతో ఆడేటప్పుడు చెయ్యి ఆపవుగా?"

"ఆపను. నువ్వూ ఆపమాకు."

చేతిలో చెయ్యేసుకున్నాం. ఎవరితోనూ అంత తేలిగ్గా, అంత నిజంగా మాట ఇచ్చిన గుర్తు నాకు లేదు.

ఆ ఏడాది రాష్ట్ర ఫైనల్ గుంటూరులోనే పెట్టారు. గెలిచిన పిల్ల నేరుగా నేషనల్ క్యాంపుకి పోతుంది. అందరూ అనుకున్నట్టే చివరికి మేమిద్దరమే మిగిలాం. ఫైనల్‌కి కొద్దిరోజుల ముందు, సాధనలో ఒక కుర్రాడి మోచెయ్యి నా కుడిపక్క బలంగా తగిలింది. ఊపిరి పీలిస్తే సూదులు గుచ్చినట్టుండేది. మాస్టారు వేళ్ళతో నొక్కి చూసి, బనీను కింద గట్టిగా పట్టీ చుట్టారు.

"పగుల్లేదు, కమిలిందంతే. ఎవరికీ చెప్పమాకు. మీ అమ్మకి గూడా. ఇది నీకూ నాకూ మధ్య."

ఎవరికీ చెప్పలేదు. అమ్మ వీపు రుద్దుతానంటే కూడా వద్దన్నాను.

ఫైనల్ రోజు హాలు కిటకిటలాడింది. గంట మోగగానే తేడా తెలిసింది. తను ఎప్పుడూ ముందు నా ముఖం మీదికి వచ్చేది. ఆ రోజు తలని పట్టించుకోనే లేదు. కాస్త వంగి, ఆ ఎడమచెయ్యి సూటిగా నా కుడిపక్కకి పంపింది. కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి. నేను మోచెయ్యి కిందకి దించి కాచుకుంటే, మోచేతికీ నడుముకీ మధ్య ఉన్న ఆ కాస్త సందులోనే మళ్ళీ కొట్టింది.

రౌండు అయ్యాక మాస్టారు నా నోట్లో నీళ్ళు పోశారు. నా కళ్ళల్లోకి చూడలేదు. "కూర్చుంటావా? ఆట వదిలేస్తున్నామని టవలేసేదా?" అన్నారు. అన్నేళ్ళలో ఆయన ఆ మాట అడగడం అదే మొదటిసారి.

"వద్దండి."

"ఇంకో ఏడాది ఉంది గదమ్మా మనకి."

నా మీద ప్రేమతో అంటున్నారనుకున్నాను. ఆ ప్రేమ చూసి ఇంకా మొండిగా లేచాను.

కుడిచెయ్యి పైకి లేవడం మానేసింది. ఒక్క ఎడమచేత్తోనే ఆడాను. ఎన్నిసార్లు కొట్టించుకున్నానో తెలియదు. చివరి రౌండులో హెడ్‌గార్డు సందులోంచి తన కళ్ళు చూశాను. అవి నీళ్ళతో నిండి ఉన్నాయి, నా మీద పట్టరాని కోపంతోనూ ఉన్నాయి. ఎందుకో అర్థం కాలేదు. రిఫరీ తన చెయ్యి ఎత్తాడు. ఎప్పటిలాగే కావిలించుకోబోయాను. తను రెండు గ్లవ్సులతో నన్ను నెట్టేసింది.

"ఇట్టాగా?" అంది. అంతే. తాళ్ళ కింద నించి దూరి వెళ్ళిపోయింది.

నేను రింగు మెట్లు దిగుతూ పడిపోయాను. ఎముక విరిగి ఊపిరితిత్తికి గుచ్చుకుందని ఆసుపత్రిలో చెప్పారు. ఛాతీలోకి గొట్టం వేశారు. ఇంకెప్పుడూ రింగులో అడుగు పెట్టొద్దన్నాడు డాక్టరు. అమ్మ ఏడ్చింది. నాన్న వార్డు బయట నిలబడి లోపలికి రాలేకపోయాడు. మాస్టారు మాత్రం నా మంచం పక్క నుంచి కదల్లేదు. బత్తాయి ఒలిచి తొనలు నోటికి అందిస్తూ ఒకరోజు ఉన్నట్టుండి భోరుమన్నారు. "నీ జీవితం పాడు చేశానమ్మా," అన్నారు.

"మీరేం చేశారండి? ఆటన్నాక దెబ్బలు తగలవా?" అని ఆయన చెయ్యి పట్టుకుని నేనే ఓదార్చాను.

కొండ చూడ్డానికి రాలేదు. కబురు లేదు. ఇంటికొచ్చాక ఫోన్ చేస్తే నా గొంతు వినగానే పెట్టేసింది. మరోసారి చేస్తే ఎత్తలేదు. గెలిచాక ఇంత పొగరా అనుకున్నాను. తనకి రైల్వేలో ఉద్యోగం వచ్చిందని పేపర్లో చదివాను. జాతీయ పోటీల్లో కంచు పతకం వచ్చిందని, పెళ్ళయిందని, పాప పుట్టిందని అవీ ఇవీ ఎవరెవరో చెప్పారు. ప్రతిసారీ, ఆ మెట్ల మీద నా చేతిలో చెయ్యేసిన పిల్ల వేరు, ఈమె వేరు అనుకుని మనసు సర్దుకున్నాను. నేను వ్యాయామ విద్య చదివి నరసరావుపేటలో ఒక ప్రైవేటు బడిలో చేరాను. మా ఆయనది జిన్నింగ్ మిల్లులో ఉద్యోగం. బడిలో ఆడపిల్లలకి బాక్సింగ్ నేర్పడం మొదలుపెట్టాను. ఏటా గురుపూజోత్సవం రోజు, గుంటూరులో స్థిరపడ్డ మాస్టారి దగ్గరికి వెళ్ళి కాళ్ళకి దండం పెట్టి వచ్చేదాన్ని.

పోయిన ఏడాది ఆయన పాత శిష్యులంతా కలిసి సన్మానం తలపెట్టారు. గుంటూరులో ఒక కల్యాణ మండపం మాట్లాడారు. గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ. మధ్యలో మాస్టారు నవ్వుతూ, ఒకపక్క నేను, ఒకపక్క కొండ, ఇద్దరం పిడికిళ్ళెత్తి. ఆయన శిష్యురాలు కాకపోయినా తనని కూడా పిలిచారని అప్పుడే తెలిసింది.

స్టేజీ వెనక గదిలో పూలదండల బుట్టలు, వంటవాళ్ళ గిన్నెల మధ్య తను ఒక్కతే నిలబడి ఉంది. కాస్త ఒళ్ళు చేసింది. ఆ నిలబడే తీరు మారలేదు, కుడికాలు ముందుకేసి. కోపమంతా పక్కన పెట్టి, "ఏంటే కొండా, గుర్తున్నానా?" అన్నాను.

నా వైపు చూడకుండానే, "మర్చిపోనిస్తే గదా," అంది.

"ఆసుపత్రికి రాలేదు. ఫోన్ ఎత్తలేదు. నేనేం చేశానే నీకు?"

అప్పుడు తిరిగింది. "ఏం చేశావా? నాకు బిచ్చమేశావు."

"ఏం బిచ్చం?"

"ఆ ఫైనలు. ఇంకేముంది నీ దగ్గర నాకివ్వడానికి?"

తను ఆగలేదు. అన్నేళ్ళుగా మింగిందంతా బయటికి వచ్చింది.

"ఆట ముందురోజు సాయంత్రం మీ సారు మా బసకి వచ్చారు. మా కోచ్ బజారుకి పోయాడు. నన్ను పక్కకి పిలిచి, 'మా పిల్లకి క్యాంపుకి పోవడం ఇష్టంలేదమ్మా, ఇంట్లో చెప్పుకోలేకపోతోంది. నీకు ఉద్యోగం అవసరమని దానికి తెలుసు. ఓడిపోదామనుకుంటోంది. కుడిపక్క ముందే దెబ్బ ఉంది, అక్కడొకటి గట్టిగా తగిలితే కూర్చుంటుంది. ఎవరికీ అనుమానం రాదు' అన్నారు. నువ్వే పంపావన్నారు. 'దాన్ని మాత్రం అడగమాకు, సిగ్గుపడుద్ది' అన్నారు."

కుడిపక్క నొప్పి సంగతి ఈ భూమ్మీద నాకూ, మాస్టారికే తెలుసు.

"అమరావతిలో ఏమన్నావే నాతో? చెయ్యి ఆపనన్నావు. మా అమ్మ దగ్గు మీద జాలిపడి ఆట నాకు దానం చేస్తావా? పోనీ చేశావు, ఒక్క దెబ్బకి కూర్చోవాలిగా? కూర్చోవు! కొడుతుంటే నిలబడే ఉన్నావు. గొడ్డుని బాదినట్టు బాదించుకున్నావు నా చేత. ఆసుపత్రిలో చేరావని విని అన్నం తినలేదు నేను. నీ ముఖం చూడాలంటే అసహ్యం వేసింది, నాది చూసుకోవాలన్నా అంతే."

"నేనెవర్నీ పంపలేదే," అన్నాను.

తను ఇంకేదో అనబోయి ఆగిపోయింది.

"నేనెవర్నీ పంపలేదు. నేను క్యాంపుకి పోదామనే ఆడాను. ఆ రోజంతా గెలుద్దామనే ఆడాను."

బయట మైకు సరిచేస్తున్నారు. "హలో, హలో" అని వినబడుతోంది. తను మెల్లగా వెనక ఉన్న గిన్నె మూత మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"అయితే నాకు అబద్ధం చెప్పారు," అంది.

"నీకూ చెప్పారు."

పక్క గదిలో మాస్టారిని కుర్చీలో కూర్చోబెట్టి పట్టు కండువా సర్దుతున్నారు. మమ్మల్నిద్దరినీ కలిసి చూడగానే ఆయన ముఖంలో నవ్వు కనబడి, అంతలోనే పోయింది. అక్కడున్నవాళ్ళని బయటికి పొమ్మన్నారు.

"మాస్టారూ, ఫైనల్ ముందురోజు మీరు వీళ్ళ బసకి వెళ్ళారా?"

ఆయన కాదంటారేమోనని ఆఖరి క్షణం దాకా ఆశపడ్డాను. కాదంటే నమ్మేదాన్నేమో కూడా. ఆయన కొండ వైపు చూసి, "చెప్పేశావా అమ్మా?" అన్నారు.

"ఎందుకండీ?" అన్నాను.

ఆయన కండువా అంచు నలిపారు. "క్యాంపుకి పోతే నువ్వు నాకు మిగులుతావా? అక్కడ పెద్ద పెద్ద కోచ్‌లు. ఆర్నెల్లు తిరిగేసరికి నీ పక్కన వాళ్ళ పేర్లు రాస్తారు. పల్లెటూరి డ్రిల్లు మాస్టర్ని ఎవరు తలుచుకుంటారు? ఇంకొక్క ఏడాది నా దగ్గరుంటే, నీకు తోడు నన్నూ రమ్మంటారని... ఇద్దరం కలిసే పోవచ్చని ఆశపడ్డా. అంతేనమ్మా."

"నా ఊపిరితిత్తికి గుచ్చుకుందండీ ఎముక."

"ఒక్క దెబ్బకే కూర్చుంటావనుకున్నా. కూర్చోమని అడిగా గూడా. నువ్వు కూర్చోలేదు."

"కూర్చోవడం మీరు నేర్పలేదు గదండీ."

ఆయన కళ్ళు తుడుచుకున్నారు. ఆసుపత్రిలో తుడుచుకున్నట్టే. ఆనాటి బత్తాయి తొనలు, నేను ఆయన్ని ఓదార్చిన మాటలు, ఏటేటా పెట్టిన దండాలు అన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఒక్కటి కూడా నాకు మునుపటిలా మిగల్లేదు.

"సార్, ఇన్నేళ్ళు నేను దీన్ని తిట్టుకున్నాను. ప్రార్థనలో గూడా దీని పేరు రానివ్వలేదు," అంది తను. "మీరు ఒక్కసారి వచ్చి నిజం చెప్పి ఉంటే సరిపోయేది."

ఆయన కొండకి జవాబు చెప్పలేదు. నా వైపు వంగి, గొంతు తగ్గించి అన్నారు: "స్టేజీ మీద ఏమీ అనమాకమ్మా. పిల్లలంతా ఎక్కడెక్కణ్ణించో వచ్చారు."

చేసినదాని కన్నా ఆ మాట ఎక్కువ కాల్చింది. అప్పుడు కూడా ఆయనకి కావలసింది తన పేరే.

సన్మానం జరిగింది. దండలు వేశారు. నన్ను మాట్లాడమని పిలిచారు. మైకు ముందు నిలబడ్డాను. వెనక ఆయన ఊపిరి బిగబట్టి కూర్చున్న సంగతి నాకు తెలుస్తోంది. చెప్పాలనే అనుకున్నాను. నోరు తెరిస్తే మాట రాలేదు, కన్నీళ్ళు వచ్చాయి. గిరుక్కున తిరిగి స్టేజీ దిగిపోయాను. "చూశారా, గురువు మీద అభిమానంతో మాట కూడా రావడం లేదు!" అన్నాడు యాంకరు. హాలంతా చప్పట్లు కొట్టింది. నా కోపాన్ని కూడా ఆయన మెడలో దండగా వేసేశారు.

తర్వాత తనని పిలిచారు. "మేమిద్దరం ఆడిన ఆటల్లో ఆఖరిది లెక్కలోకి తీసుకోకండి. అది నేను గెలవలేదు," అని చెప్పి వచ్చేసింది. ఎంత వినయమో అని దానికీ చప్పట్లు కొట్టారు.

భోజనాలకి ఉండకుండా ఇద్దరం బయటికొచ్చాం. గేటు దగ్గర వేపచెట్టు నీడలో ఆటో కోసం నిలబడ్డాం. నాకు ఒక మాట లోపల తొలుస్తోంది. అడిగేశాను.

"నీకు ఆయన అబద్ధమే చెప్పారు. నువ్వు మాత్రం కొట్టావు గదే."

"కొట్టాను."

"అక్కడ దెబ్బుందని తెలిసి కొట్టావు."

"తెలిసే కొట్టాను. నాకు ఉద్యోగం కావాలి." దాచలేదు, క్షమించమని కూడా అడగలేదు. "ఫోన్ పెట్టేసినా, నువ్వయినా నన్ను వచ్చి అడుగుతావేమోనని చూశా. నువ్వు నాకు పొగరనుకున్నావు. నేను నీకు జాలనుకున్నా. ఎట్టా నమ్మామే మనం, ఒకళ్ళ గురించి ఒకళ్ళం?"

ఆటో వచ్చింది. తను స్టేషన్‌కి, నేను బస్టాండుకి. ఒకే ఆటోలో వెళ్ళాం.

ఇప్పుడు అప్పుడప్పుడూ ఫోన్లో మాట్లాడుకుంటాం. వాళ్ళమ్మ పోయి చాలా కాలమైందట. తనకి ఉద్యోగం వచ్చాక కొన్నాళ్ళు సుఖపడే పోయిందని చెప్పింది. ఆ మాట విన్నప్పుడు నాకు నిజంగా సంతోషమేసింది. కాసేపటికి, ఆ సుఖం నా పక్కటెముక మీద నించి నడిచి వెళ్ళిందని కూడా అనిపించింది. రెండూ నిజమే. మేం స్నేహితులమని అనలేను. కానీ నా జీవితంలో ఆ కాలం ఎలా ఉండేదో తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారంటే అది తనే. మాస్టారు వారానికోసారి ఫోన్ చేస్తారు. ఎత్తను. దేవుడి బొమ్మలు, శుభోదయాలు పంపిస్తారు. చూసి తీసేస్తాను. ఇంట్లో మా ఆయన, "పెద్దాయన, పోనీలే," అంటాడు. ఆయన దృష్టిలో అది పాత ఆట. పిల్లలకి నేర్పుతుంటే నా నోట్లోంచి ఇప్పటికీ మాస్టారి మాటలే వస్తాయి. "కళ్ళు మూయమాకు" అంటాను. అన్నాక నాలుక చేదవుతుంది. నాకు వేరే మాటలు ఎవరు నేర్పారు గనక?

ఈ మధ్య మా బడిలో పత్తి కూలీల పిల్ల ఒకతె బాగా కొడుతుంటే, విశాఖపట్నంలో హాస్టలున్న అకాడమీ వాళ్ళు తమ దగ్గరికి పంపమని అడిగారు. ఆ కబురు వినగానే నాకు ముందు కలిగింది సంతోషం కాదు. ఇంకొక్క ఏడాది నా దగ్గరుంటే బాగుండు అనిపించింది. అచ్చం మాస్టారి మాటే. ఆ సాయంత్రమే వాళ్ళ ఇంటికెళ్ళి పిల్లని పంపమని వాళ్ళమ్మతో చెప్పాను.

"మీరు గూడా రారాదా అమ్మా, పిల్లకి ధైర్యంగా ఉంటది," అందామె.

"అక్కడ మంచివాళ్ళున్నారు. నేను రాకూడదు," అన్నాను.

ఆ వారంలోనే బస్సెక్కించాను. పిల్ల కిటికీలోంచి చెయ్యూపుతుంటే దింపేసుకుందామనిపించింది. మాస్టారికి ఆనాడు ఎలా అనిపించి ఉంటుందో నాకు పూర్తిగా తెలిసింది అప్పుడే. తెలిస్తే కోపం తగ్గుతుందంటారు. నాకు తగ్గలేదు. బస్సు మలుపు తిరిగేదాకా చూసి, బడికి వెళ్ళి, మొదటి పీరియడ్ డ్రిల్లు చేయించాను.